స్టెబిలైజర్ డాంపర్ కొంటున్నారా? "8 ఎంఎం" అని రాసి ఉంటే ఆగండి

పిల్లల్ని ఆర్చరీకి పంపుతున్న తల్లిదండ్రులు, ముఖ్యంగా కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వాళ్లు, ఇది చివరిదాకా చదవండి. బో నిలకడ కోసం దానికి బిగించే రాడ్‌ని స్టెబిలైజర్ అంటారు, ఆ రాడ్‌కీ చివరి వెయిట్లకీ మధ్య ఉండే రబ్బరు ముక్కే డాంపర్. మాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

మాది విజయవాడ. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు టీవీ ముందు నుంచి కదలని మా పాప, ఆ తర్వాత పట్టుబట్టి కాంపౌండ్‌లో చేరింది. మొన్న మే నెలలో, సెలక్షన్స్ ఇంకో పదిహేను రోజులున్నాయనగా, వెనక రాడ్‌కున్న డాంపర్ రబ్బరు పగిలింది. ఆన్‌లైన్‌లో వెతికితే పేరున్న కంపెనీ ముద్రతోనే, మామూలు ధరలో సగం కంటే తక్కువకి ఒకటి కనిపించింది. "8 ఎంఎం థ్రెడ్, అన్ని బోలకీ సరిపోతుంది" అని రాశారు. ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది.

వేళ్లతో తిప్పితే రెండు చుట్లు సాఫీగా వెళ్లి బిగుసుకుంది. కొత్తది కదా, బిగువుగానే ఉంటుందనుకుని ప్లయర్ పెట్టి తిప్పాను. అరచేతిలో సన్నగా మెరుస్తూ అల్యూమినియం పొడి రాలింది. రాడ్ లోపలి థ్రెడ్ తెగుతోందని నాకు తట్టలేదు.

మర్నాడు గ్రౌండ్‌లో పాప బో ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం. "నాన్నా, చుక్క పసుపులో నిలవట్లేదు" అంది, అంటే గురి చూసే చుక్క టార్గెట్ మధ్యలోని పసుపు మీద ఆగట్లేదని. వెనక రాడ్ చివర పది ఔన్సుల వెయిట్లున్నాయి, 280 గ్రాముల పైమాటే. ఆ బరువుకి కొత్త రబ్బరు కిందికి వాలిపోయి, పాప చెయ్యి కాస్త కదిలినా వెయిట్లు ఊగుతున్నాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, నాకూ ఈ దెబ్బ తగిలాకే సరిగ్గా అర్థమైంది. డాంపర్‌కి అసలు పని బాణం వదిలాకే. లింబ్స్‌లోని (బోలో వంగే చేతులు) శక్తిలో బాణం తీసుకెళ్లగా మిగిలింది బోని అదరగొడుతుంది. ఆ అదురుని రబ్బరు తనలోకి లాక్కుని వేడిగా మార్చేస్తుంది. గురి పెట్టేటప్పుడు బోని నిలకడగా ఉంచేది మాత్రం రాడ్ పొడవు, చివరి బరువు. వాటి మధ్య రబ్బరు మరీ మెత్తనైతే ఆ నిలకడ పోతుంది. ఒకటి రెండు ఔన్సులకైతే మెత్తనిది సరిపోతుంది, వెనక రాడ్ లాంటి బరువైన చోట గట్టిదే కావాలి. అసలైన సరుకు అమ్మేవాళ్లు గట్టిదో మెత్తనిదో చెప్తారు, కొందరు రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ ఎ అంకె కూడా ఇస్తారు. నేను కొన్నదాని మీద ముద్ర తప్ప ఇంకేమీ లేదు. పైగా మన ఎండలకి రబ్బరు ఇంకాస్త మెత్తబడుతుంది.

ఐదో రోజు రిలీజ్ అవగానే టప్‌మని చప్పుడు. రబ్బరు లోహపు బిళ్ల నుంచి ఊడి, వెయిట్లన్నీ కలిసి పాప కాలికి జానెడు దూరంలో పడ్డాయి. బిళ్లని గోరుతో గీకితే ఎండిన జిగురు పెచ్చులుగా లేచింది. పాప భయపడి ఆ రోజు మళ్లీ బో ముట్టుకోలేదు.

బిళ్ల రాడ్‌లోనే ఇరుక్కుపోవడంతో ఆటోనగర్‌లో లేత్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన దాన్ని ఊడదీసి థ్రెడ్ ఎడం కొలిచే పిచ్ గేజ్ ఆనించి చూపించారు. డాంపర్‌ది ఎం8: లావు 8 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ ఎడం 1.25 మిల్లీమీటర్లు. రాడ్‌ది 5/16-24: లావు 7.94, అంగుళానికి 24 చుట్లు, అంటే ఎడం 1.06 దాకా. కంటికి రెండూ ఒకటే. మొదటి రెండు చుట్లు ఎక్కేది అందుకే. "వేళ్లతో ఎక్కనిదాన్ని బలవంతంగా ఎక్కిస్తే మర పోతుంది సార్" అన్నారాయన. లోపల బుష్ వేసి కొత్తగా థ్రెడ్ తీసిచ్చారు కాబట్టి రాడ్ బతికింది. ఇదే 5/16-24 బో రైజర్‌లో (మధ్యన చేత్తో పట్టుకునే భాగం) స్టెబిలైజర్ బిగించేచోట కూడా ఉంటుంది. అక్కడ పాడు చేసుకుంటే ఖర్చు ఎక్కడికి పోతుందో ఆలోచించండి.

కొన్ని రాడ్లకి వెయిట్లు బిగించే వైపు 1/4-20 ఉంటుంది, దాన్ని ఎం6 అని అమ్మితే అదీ తప్పే. కాబట్టి ముందు మీ రాడ్ థ్రెడ్ ఏదో కోచ్ గారినడిగి తెలుసుకోండి. అమ్మేవాళ్ల చేత అదే అంకె, రబ్బరు గట్టిదనం, ఎన్ని ఔన్సులు ఆపుతుందో రాతపూర్వకంగా చెప్పించుకోండి. చెప్పకపోతే కొనకండి. వచ్చాక వేళ్లతో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కాలి. ఎక్కకపోతే అక్కడే ఆపి వెనక్కి పంపండి. వెయిట్లు బిగించి రాడ్‌ని అడ్డంగా పట్టుకుని చూడండి, కొస వాలితే ఆ రబ్బరు మీకు పనికిరాదు. అటూ ఇటూ వంచి, రబ్బరు లోహం కలిసేచోట సందు వస్తుందేమో వెలుతురులో చూడండి. షూటింగ్ మొదలుపెట్టాక కూడా వారానికోసారి ఇలా చూడటం మంచిది.

డబ్బు వెనక్కి అడిగితే "వాడిన వస్తువు తీసుకోం" అన్నారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ వస్తోంది, కొత్తగా పిల్లల్ని చేర్పించేవాళ్లు నాలాగే చవక ధర చూసి కొంటారేమోనని నా బెంగ. నిన్న మళ్లీ చూశాను. ఆ డాంపర్ ఇంకా అమ్మకానికే ఉంది, కింద ఇప్పటికీ "8 ఎంఎం, అన్ని బోలకీ" అనే ఉంది.