పొగతోటలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రం: మూడు నెలల అనుభవం

మా అమ్మ పోయిన తరువాత నాలుగు నెలల పాటు నేను మంచం దిగిన రోజులు తక్కువ. బడికి సెలవు పెట్టాను, తల దువ్వుకోవడం మానేశాను, గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ మధ్యాహ్నం దాకా ఉండి విరిగిపోయేది. "మనసు గట్టి చేసుకో అమ్మా" అన్నవారే గానీ, ఆ గట్టి చేసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పినవారు లేరు. చివరికి మా తమ్ముడు నన్ను స్కూటర్ ఎక్కించుకుని, నెల్లూరు పొగతోటలో ఒక మానసిక వైద్యుడి క్లినిక్కులోనే నడిచే కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకువెళ్ళాడు.

డాక్టరు గారు పరీక్షించి మందులు రాశాక, కౌన్సెలరు అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, రేపు ఉదయం నేను చేయగలిగిన పని ఏమిటని. గంట సేపు నడుస్తానన్నాను. "నడక ఇప్పుడే వద్దమ్మా, గేటు దాకా వెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చుకోండి, చాలు" అని ఒక కాగితం మీద గళ్ళు గీసి ఇచ్చింది. పని చేయకముందు మనసు ఎలా ఉంది, చేశాక ఎలా ఉంది అన్నది 0 నుంచి 10 లోపు అంకె వేయాలి. మొదటి రోజు పనికి ముందు 1, చేశాక 2 వేశాను. మూడవ రోజు గడి ఖాళీగా ఉంది. మరుసటి వారం ఆమె ఆ గడిని చూసి నన్ను తప్పుపట్టలేదు, పనినే తగ్గించింది: లేవలేని రోజున తలుపు గడియ తీస్తే చాలట.

ఆసక్తి కలిగాక పని చేద్దామని మనం ఎదురుచూస్తాం, కానీ కుంగుబాటులో పనులు మానుకున్న కొద్దీ వాటివల్ల కలిగే చిన్నపాటి తృప్తి కూడా పోయి మనసు మరింత దిగజారుతుంది కాబట్టి, పని వైపు నుంచే ఆ చక్రాన్ని తిప్పాలని ఆమె వివరించింది. దీనిని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. ఇది ఒక్కటే, ఆలోచనల తీరును కూడా మార్చే పూర్తి కాగ్నిటివ్ థెరపీతో సమానంగా ఫలితమిచ్చిందని 1996లో అమెరికాలో మనస్తత్వవేత్త నీల్ జేకబ్‌సన్ బృందం ప్రచురించింది. కారణం తెలిశాక, పాల ప్యాకెట్ తేవడం నాకు చిన్నతనంగా తోచలేదు. ఏడవ వారానికి స్వర్ణాల చెరువు కట్ట మీద, దర్గా వైపు, పది నిమిషాలు నడిచి వచ్చాను. ఆ గడిలో 5 వేశాను.

లోపాలు కూడా చెప్పాలి. కేంద్రం రెండవ అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. హాలులో టీవీ మోత ఎక్కువ, పేరుతో పాటు ఎందుకు వచ్చారో కూడా అందరి ముందూ పిలిచి అడుగుతారు. ఒకసారి ఫోను చేయకుండానే అపాయింట్‌మెంటు రద్దు చేశారు. చీర కట్టుకుని బయలుదేరడమే ఆ రోజుకు నా కాగితంలోని పని అయినప్పుడు, మూసిన తలుపు చూసి తిరిగి రావడం ఎంత కష్టమో వారు గ్రహించాలి. 40 నిమిషాలకు 500 రూపాయలు తీసుకుంటారు, ఆ సొమ్ము నాకు వృథా కాలేదు.

మెట్లెక్కే ఓపిక కూడా లేనివారికి, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరు ఉంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఇంట్లో ఒకరికి చెప్పి, వెంటనే ఆ నంబరుకు ఫోను చేయండి.