క్రెడిట్ల బదిలీకి ‘అసిస్ట్’: ఏది చెబుతుంది, ఏది చెప్పదు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఆపైన యూసీగా పిలిచే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకో, సీఎస్‌యూగా పిలిచే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకో మారదలచుకున్న విద్యార్థి అడ్మిషన్ కంటే ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇక్కడ చదివిన కోర్సు అక్కడ చెల్లుతుందా, చెల్లితే ఏ ఖాతాలో చెల్లుతుంది? ఈ ప్రశ్నకు ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ విద్యాసంస్థలు మూడూ కలిసి ఇచ్చే అధికారిక సమాధానమే ‘అసిస్ట్’ అనే వెబ్‌సైట్. రుసుము లేదు, ఖాతా తెరవనక్కరలేదు, పేరు చెప్పనక్కరలేదు. 1980లలో మొదలై 2019లో కొత్త రూపు దిద్దుకున్న ఈ సేవ ఒక పక్క 116 కమ్యూనిటీ కాలేజీలకూ, మరో పక్క డిగ్రీ చదువులున్న తొమ్మిది యూసీ క్యాంపస్‌లకూ, ఇరవైకి పైగా ఉన్న సీఎస్‌యూ క్యాంపస్‌లకూ మధ్య కుదిరిన ఒప్పందాలను ఒకేచోట చూపిస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. అడగవలసిన ప్రశ్న తెలిసినవారికి ఇంతకన్నా నమ్మదగిన సాధనం లేదు. ప్రశ్న తెలియకుండా తెరిచినవారికి మాత్రం ఇది సగం నిజం చెప్పి ఊరుకుంటుంది.

చెల్లుబాటు అనే మాటను మన పిల్లలూ తల్లిదండ్రులూ ఒకే అర్థంలో వాడుతుంటారు. నిజానికి ఒక కోర్సు మూడు వేర్వేరు ఖాతాల్లో చెల్లవచ్చు, లేదా ఏదో ఒకదానిలోనే చెల్లవచ్చు. మొదటిది యూనిట్ల లెక్క: జూనియర్‌గా, అంటే మూడో సంవత్సరంలో, చేరడానికి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లలో (యూనిట్ అంటే కోర్సు బరువును కొలిచే క్రెడిట్) ఆ కోర్సు కలుస్తుందా లేదా అన్నది. రెండోది జనరల్ ఎడ్యుకేషన్, అందరూ జీఈ అనే ఉమ్మడి పాఠ్యక్రమం: ఇంగ్లీషు రచన, గణితం, కళలు, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలు వంటి విభాగాల్లో అది ఒక గడిని నింపుతుందా అన్నది. మూడోది మేజర్‌కు, అంటే డిగ్రీలో ఎంచుకున్న ప్రధానాంశానికి, ముందస్తుగా పూర్తిచేయవలసిన కోర్సు: ఫలానా క్యాంపస్‌లో, ఫలానా డిగ్రీలో, అక్కడి ఫలానా కోర్సుకు బదులుగా దీన్ని ఒప్పుకుంటారా అన్నది. అసిస్ట్ ఈ మూడింటికీ సమాధానం చెబుతుంది గాని మూడూ మూడు వేర్వేరు జాబితాల్లో ఉంటాయి. ఒక జాబితాలో కోర్సు పేరు కనబడగానే ‘ట్రాన్స్‌ఫర్ అవుతుంది’ అని సంబరపడి కిటికీ మూసేసేవారే ఎక్కువ.

ఎకనామిక్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. బిజినెస్ మేజర్‌కు వెళ్లదలచిన విద్యార్థి మొదటి ఏడాదిలో మాక్రో, మైక్రో రెండూ చదువుతాడు. యూసీకి చెల్లే కోర్సుల జాబితాలో రెండూ ఉంటాయి కనుక రెండింటి యూనిట్లూ లెక్కలోకి వస్తాయి. మేజర్ ఒప్పందం తెరిస్తే, సాధారణంగా రెండూ అక్కడి రెండు కోర్సులకు ఎదురుగా కనిపిస్తాయి. జీఈ జాబితాలోనూ రెండూ సామాజిక శాస్త్రాల విభాగంలోనే ఉంటాయి. ఆ విభాగానికి రెండు కోర్సులు కావాలి కనుక పని పూర్తయిందనిపిస్తుంది. కాని ఆ రెండు కోర్సులూ రెండు వేర్వేరు శాస్త్రాలవై ఉండాలన్నది నియమం. ఎకనామిక్స్ ఎన్ని కోర్సులు చదివినా ఆ విభాగంలో ఒక గడినే నింపుతుంది, రెండో గడికి సైకాలజీయో పొలిటికల్ సైన్సో మరొకటో చదవక తప్పదు. కోర్సుకు ఎదురుగా కనిపించే గుర్తు చూసి వదిలేసేవారికి ఈ సంగతి చివరి సెమిస్టర్‌లో కౌన్సిలర్, అంటే కాలేజీలోని చదువుల సలహాదారు, చెబితేగాని తెలియదు. రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు 46 డాలర్లే కనుక మూడు యూనిట్ల కోర్సుకు పోయే డబ్బు పెద్దది కాదు. అయితే అడ్మిషన్ షరతులు తీరవలసిన గడువులోపు ఆ కోర్సు దొరకకపోతే పోయేది డబ్బు కాదు, ఏడాది.

జీఈ విభాగంలో ఈమధ్య వచ్చిన మార్పు పెద్దది, చాలావరకు మంచిది కూడా. ఇదివరకు యూసీకి, సీఎస్‌యూకి రెండింటికీ పనికొచ్చే ఐజీఈటీసీ అనే క్రమం ఒకటి, సీఎస్‌యూకి మాత్రమే పనికొచ్చే 39 యూనిట్ల క్రమం మరొకటి ఉండేవి. ఎక్కడ సీటు వస్తుందో తెలియని విద్యార్థి రెండు పడవల మీద కాళ్లు పెట్టవలసి వచ్చేది. 2021లో చేసిన ఏబీ 928 అనే చట్టం మేరకు 2025 ఫాల్ సెమిస్టర్ నుంచి కొత్తగా చేరేవారికి కాల్-జీఈటీసీ అనే ఒకే క్రమం అమలులోకి వచ్చింది: పదకొండు కోర్సులు, కనీసం 34 సెమిస్టర్ యూనిట్లు. ఇందులో ఇంగ్లీషు రచన, విమర్శనాత్మక ఆలోచన, వక్తృత్వం ఒక్కొక్కటి, గణితం ఒకటి, కళలు ఒకటి, మానవీయ శాస్త్రాలు ఒకటి, సామాజిక శాస్త్రాలు రెండు, భౌతిక శాస్త్రాల్లో ఒకటి, జీవశాస్త్రంలో ఒకటి, ఆ రెండింటిలో ఒకదానికి ల్యాబ్, ఇవికాక ఎత్నిక్ స్టడీస్ (జాతి సమూహాల చరిత్ర, సంస్కృతుల అధ్యయనం) ఒకటి ఉంటాయి. ప్రతి కోర్సులోనూ కనీసం ‘సి’ గ్రేడు రావాలి, ‘సి మైనస్’ పనికిరాదు. 2025 ఫాల్‌కు ముందే చేరి చదువు మధ్యలో ఆపనివారు పాత క్రమంలోనే కొనసాగవచ్చు. అందువల్ల ఇప్పుడు ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు జాబితాలు చూసుకోవలసిన పరిస్థితి ఉంది. సీనియర్ ఇచ్చిన ప్లాన్‌ను నకలు తీసుకోవడం ఎప్పుడూ మంచిది కాదు, ఈ సంధికాలంలో అసలే కాదు. ఐజీఈటీసీలో యూసీ కోసం ఇంగ్లీషు కాని మరో భాష వచ్చినట్టు చూపవలసి ఉండేది. స్వదేశంలో మాతృభాషా మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఆ పాత మార్కుల జాబితాలే అక్కరకొచ్చేవి. కొత్త క్రమంలో ఆ నిబంధన లేదు.

ఇక అసిస్ట్ తెర ఎలా ఉంటుందో చెప్పాలి. విద్యా సంవత్సరం, మన కాలేజీ, వెళ్లదలచిన యూనివర్సిటీ, ఈ మూడూ ఎంచుకుంటే మేజర్ల జాబితా వస్తుంది. మేజర్ నొక్కితే పుట రెండు నిలువు భాగాలుగా తెరుచుకుంటుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోరే కోర్సు, కుడివైపు దానికి బదులుగా మన కాలేజీలో చదవవలసినది. రెండు కోర్సుల మధ్య ‘అండ్’ అని ఉంటే రెండూ చదవాలి, ‘ఆర్’ అని ఉంటే ఏదో ఒకటి చాలు. కంగారులో చదివేవారు పొరబడేది ఈ చిన్న మాటల దగ్గరే. కుడివైపు కోర్సు లేకుండా ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే, మన కాలేజీలో అటువంటి కోర్సు లేదనో ఇంకా ఒప్పందం కుదరలేదనో అర్థం చేసుకోవాలి. దాన్ని చూసి నిరాశపడనక్కరలేదు. పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీని ఎంచుకుని అదే పుట తెరిస్తే అక్కడ ఉండవచ్చు. ఆ ఒక్క కోర్సు అక్కడ చదవడాన్ని ఎవరూ ఆక్షేపించరు.

ఏడాదిని సెమిస్టర్లుగా కాక ఇంకా చిన్న టర్ములుగా విడగొట్టే క్వార్టర్ పద్ధతిలో నడిచే డి ఆంజా, ఫుట్‌హిల్ వంటి కాలేజీల విద్యార్థులు ఈ ‘అండ్’ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకటిన్నర క్వార్టర్ యూనిట్లు ఒక సెమిస్టర్ యూనిట్‌కు సమానం. సెమిస్టర్ కాలేజీలో ఏడాదిలో ముగిసే గణితమో భౌతికశాస్త్రమో ఇక్కడ మూడు, నాలుగు కోర్సులుగా విడిపోతుంది. అటువంటి వరుసను యూనివర్సిటీ మొత్తంగా ఒప్పుకుంటుందే తప్ప ముక్కలుగా ఒప్పుకోకపోవచ్చు. వరుస మధ్యలో కాలేజీ మారినవారికి ఇక్కడ సగం, అక్కడ సగం చదివినా ఏదీ పూర్తికాని చిక్కు వస్తుంది. మొదలుపెట్టిన చోటే వరుస ముగించడం ఉత్తమం.

ఈ సేవలో నాకు బాగా నచ్చినది యూసీకి చెల్లే కోర్సుల జాబితాలో కోర్సు పక్కనే కనిపించే పరిమితుల వివరణ. స్టాటిస్టిక్స్‌ను గణిత విభాగంలో ఒకసారి, సైకాలజీ విభాగంలో మరోసారి చదివితే యూసీ ఒకదానికే క్రెడిట్ ఇస్తుంది. ఈ మాట ఆ జాబితాలోనే రాసి ఉంటుంది. అక్షరాలు చిన్నవే, చదవవలసినవి మాత్రం అవే. కమ్యూనిటీ కాలేజీ చదువు నుంచి యూసీ గరిష్ఠంగా 70 సెమిస్టర్ యూనిట్లనే లెక్కలోకి తీసుకుంటుందన్న నియమాన్ని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అంతకు మించి చదివిన కోర్సులు విషయపరంగా అవసరాన్ని తీరుస్తాయి గాని యూనిట్లను పెంచవు.

మేజర్‌ను బట్టి జీఈకి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నది మారుతుంది. ఇది అసిస్ట్ నేరుగా చెప్పని విషయం. ఇంజనీరింగ్ వంటి మేజర్లకు గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్ కోర్సులే రెండేళ్లను మింగేస్తాయి. అటువంటివారు జీఈ గడులన్నీ నింపాలని పట్టుబట్టి మేజర్ కోర్సులను వెనక్కి నెడితే అడ్మిషన్‌కే ముప్పు. మిగిలిన జీఈని చేరాక ఆ క్యాంపస్ పద్ధతి ప్రకారం పూర్తిచేసుకోవచ్చు. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ వైపు వెళ్లేవారికి మాత్రం జీఈ మొత్తం ముందే ముగించడం నిజంగా లాభసాటి. పైగా ఎన్ని గడులు నింపినా, కమ్యూనిటీ కాలేజీ నుంచి జీఈ పూర్తయినట్టు సర్టిఫికేషన్ అడిగి తీసుకుని యూనివర్సిటీకి పంపించాలి. అది దానంతట అది వెళ్తుందనుకోవడం పొరపాటు. వేర్వేరు కమ్యూనిటీ కాలేజీల్లో చదివినవారి విషయంలో, ఏ కోర్సు ఏ కాలేజీలో చదివారో ఆ కాలేజీ జాబితా ప్రకారమే దాని విభాగాన్ని నిర్ణయిస్తారు. తమ కాలేజీలో అదే పేరున్న కోర్సు ఏ విభాగంలో ఉందన్నది లెక్కలోకి రాదు.

అసిస్ట్ పరిధి ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడం వల్లనే దాని మీద అసంతృప్తి వినిపిస్తుంటుంది. ఇది విద్యార్థి ట్రాన్స్‌క్రిప్ట్‌ను, అంటే చదివిన కోర్సుల, గ్రేడుల పత్రాన్ని, చూడదు, ఎన్ని గడులు నిండాయో లెక్కగట్టదు, సీటు వస్తుందని హామీ ఇవ్వదు. ఆ హామీ కావలసినవారికి ట్యాగ్ అనే వేరే ఏర్పాటు ఉంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ యూసీ క్యాంపస్‌లు దాన్ని ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ప్రైవేటు యూనివర్సిటీలు అసిస్ట్‌లో లేవు, ఉదాహరణకు యూఎస్‌సీ అనే యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లదలచినవారు ఆ సంస్థ సొంత ఒప్పందాలు చూసుకోవాలి. బయటి రాష్ట్రాల కోర్సులు, విదేశాల్లో చదివిన కోర్సులు కూడా ఇందులో ఉండవు. భారతదేశంలో డిగ్రీ మధ్యలో వదిలి వచ్చినవారు కోర్సులవారీ మూల్యాంకన నివేదిక తెచ్చుకున్నా, దాన్ని ఏ మేరకు ఒప్పుకోవాలన్నది చేర్చుకునే క్యాంపస్ ఇష్టం.

రాష్ట్రం దాటి చూసేవారికి ట్రాన్స్‌ఫరాలజీ అనే మరో ఉచిత సేవ ఉంది. ఖాతా తెరిచి, చదివిన కోర్సులు నమోదు చేస్తే దేశంలోని పలు కాలేజీల్లో ఏవి సరిపోలుతాయో చూపిస్తుంది. విస్తృతి దానిది, అధికారం అసిస్ట్‌ది. కొన్ని రాష్ట్రాలు ఈ చిక్కును మరో విధంగా తగ్గించుకున్నాయి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు 42 క్రెడిట్ గంటల కోర్‌ను, అంటే అక్కడి ఉమ్మడి పాఠ్యక్రమాన్ని, మొత్తంగా ఒప్పుకుంటాయి, ఫ్లోరిడాలో 36 గంటల జీఈతో పాటు కోర్సులకు రాష్ట్రమంతటా ఒకే నంబర్లు ఉన్నాయి. కాలిఫోర్నియా కూడా ఏబీ 1111 చట్టంతో ఆ దారి పట్టింది. ఇప్పుడు సైకాలజీ పరిచయం, స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు రచన వంటి కొన్ని కోర్సులకు కమ్యూనిటీ కాలేజీలన్నింటా ‘సి1000’ తరహా ఉమ్మడి నంబర్లు వచ్చాయి. పాత నంబరుతో ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్‌ను కొత్త జాబితాతో పోల్చేటప్పుడు కొంతకాలం తికమక తప్పదు. ఇదంతా చిల్లర వ్యవహారంలా కనిపించవచ్చు. 2004, 2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసిందంటే, ఎన్ని సెమిస్టర్ల చదువు మళ్లీ మొదటినుంచి చదవవలసి వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఆధునికంగా కనబడే అసిస్ట్‌లో నాకు కొరతగా తోచేది ఒక్కటే. మూడు ఖాతాలనూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూపించే పుట లేదు. ఒకే కోర్సును మేజర్ ఒప్పందంలో ఒకసారి, జీఈ జాబితాలో ఒకసారి, యూసీ జాబితాలో ఒకసారి వెతుక్కుని, కాగితం మీద మనమే గీతలు గీసుకోవాలి. ఆ గీతలు గీసిన కాగితంతో కౌన్సిలర్ దగ్గరకు వెళ్లేవారికి పదిహేను నిమిషాల్లో తేలే విషయం, చేతులూపుకుంటూ వెళ్లేవారికి రెండు అపాయింట్‌మెంట్లయినా తేలదు. ఒప్పందాలు ఏటా మారుతుంటాయి కనుక, కోర్సు చదివిన సంవత్సరపు పుటను అప్పుడే పీడీఎఫ్‌గా దాచుకోవాలి. కోర్సు సిలబస్‌ను కూడా దానితోపాటే ఉంచుకుంటే, రేపు ఏ విభాగమైనా అభ్యంతరం చెప్పినప్పుడు అర్జీకి జతచేయడానికి చేతిలో ఉంటుంది.