శాంతినికేతన్ పౌష్ ఉత్సవం: గది దగ్గర మోసపోయాం, తెల్లవారుజామున తేరుకున్నాం

ఫోన్‌లో మాట్లాడుకున్న అద్దె రోజుకు ₹2,800. శాంతినికేతన్ పక్క ఊరు బోల్‌పూర్‌లో దిగి, సామాన్లు లోపల పెట్టాక చెప్పిన అద్దె ₹5,500, అది కూడా మూడు రాత్రులకు తగ్గకుండా. "మేళా రేటు" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. అడ్వాన్సుగా పంపిన ₹2,000కు రసీదేదీ అన్నాడు. డిసెంబరు 22 సాయంత్రం, చీకటి పడింది, చలి మొదలైంది, అడిగిన నాలుగు చోట్లా గది లేదు. కట్టక తప్పలేదు. నలుగురికి రెండు గదులు, మూడు రాత్రులు: అనుకున్నది ₹16,800, అయింది ₹33,000. మాతో వచ్చిన పెద్దమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఉత్సవం గురించి చెప్పాల్సింది చాలా ఉంది గానీ ముందు ఈ గది సంగతి తేల్చాలి. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, బోల్‌పూర్ చిన్న ఊరు. శాంతినికేతన్‌లో రవీంద్రుడు పెట్టిన యూనివర్సిటీ విశ్వభారతికి సొంత అతిథి గృహాలున్నా ఉత్సవం రోజుల్లో అవి యూనివర్సిటీ పిలిచినవాళ్లకే సరిపోతాయి. మిగిలిన జనమంతా ప్రైవేటు లాడ్జిల మీద పడతారు. కోల్‌కతా మూడు గంటల దూరంలోనే ఉంది కాబట్టి ఆఖరి నిమిషంలో కారేసుకొచ్చి ఎంతైనా ఇచ్చేవాళ్లు దొరుకుతారని లాడ్జి వాళ్లకు తెలుసు. అందుకే నోటిమాట బుకింగ్‌కు విలువ లేదు. డబ్బు పంపేముందు వాట్సాప్‌లో ఈ సంగతులు రాయించుకోవాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీకి, గదికి మొత్తం ఎంత, అందులో పన్ను కలిసిందా, మేళా రేటు వేరే ఉందా, కనీసం ఇన్ని రాత్రులు ఉండాలనే షరతు ఉందా, వేడినీళ్లు గీజరువా బకెట్టువా. ఆ చివరిది చిన్న విషయం కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, అప్పుడు బయట పది, పన్నెండు డిగ్రీలుంటుంది. మా లాడ్జిలో బకెట్టు నీళ్లు ఆరున్నరకు గానీ రాలేదు.

రాష్ట్ర పర్యాటక శాఖ లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ అవుతుంది, కౌంటర్ దగ్గర రేటు మారదు. దొరికితే మొదటి ఎంపిక అదే. దొరకకపోతే పేరు కన్నా పేట చూసుకోవాలి. రతన్‌పల్లి, శ్యామ్‌బాటి, పూర్వపల్లి వైపు అయితే ఆశ్రమానికీ మేళా మైదానానికీ నడిచి వెళ్లొచ్చు. బోల్‌పూర్ స్టేషన్ పక్కన చవక, కానీ రెండు, మూడు కిలోమీటర్ల దూరం. సోనాఝురి అడవి వైపు రిసార్టులు ఫొటోల్లో చాలా బాగుంటాయి, "క్యాంపస్‌కు ఐదు నిమిషాలు" అని రాస్తారు. మాది ఆ బాపతే, మైదానానికి నాలుగున్నర కిలోమీటర్లు. మామూలు రోజుల్లో టోటోకు, అంటే బ్యాటరీ ఆటోకు, మనిషికి ఇరవై, ముప్ఫై ఇచ్చే దూరానికి మేళా రాత్రి మొత్తం బండికి ₹300 అడిగారు. పోలీసులు మైదానం చుట్టూ రోడ్లు మూసేస్తారు కాబట్టి అంత ఇచ్చినా మైదానం దాకా దించరు, చివరి కిలోమీటరు నడకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే సోనాఝురి వైపు అసలు గది తీసుకోవద్దు.

రైలు విషయం త్వరగా చెప్పేస్తాను. సికింద్రాబాద్ నుంచి హౌరాకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్, సుమారు 26 గంటలు. ఒక రాత్రి హౌరా దగ్గర ఆగి, మర్నాడు పొద్దున పదికి బయల్దేరే శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే రెండున్నర గంటల్లో బోల్‌పూర్. తిరుగు ప్రయాణంలో హౌరా దగ్గర కనీసం ఐదారు గంటల తేడా పెట్టుకోండి. డిసెంబరు చివర్లో పొగమంచు వల్ల ఉత్తర బెంగాల్ నుంచి వచ్చే రైళ్లు ఆలస్యమవుతాయి, బోల్‌పూర్‌లో ఎక్కేది అలాంటి బండి అయితే హౌరాలో మన బండి వెళ్లిపోతుంది.

తేదీ దగ్గర కూడా పొరపాటు పడతారు. ఉత్సవం బెంగాలీ పంచాంగం ప్రకారం పౌష్ నెల ఏడో రోజున మొదలవుతుంది. ఇంగ్లీషు తేదీ ఒక ఏడు డిసెంబరు 23, ఇంకో ఏడు 24. ఆ తేదీకి టికెట్ తీసుకుంటే అసలైనది తప్పిపోతుంది. ఎందుకంటే ఏడో పౌష్ సూర్యోదయానికి ముందే అంతా మొదలవుతుంది. ముందురోజు మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఉండాలి.

1843లో రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ బ్రహ్మధర్మ (బ్రహ్మసమాజ) దీక్ష తీసుకున్నది ఏడో పౌష్‌నే. 1891లో రంగుటద్దాల ఉపాసనా గృహం తెరిచింది, 1901లో రవీంద్రుడు ఐదుగురు పిల్లలతో బడి పెట్టింది కూడా అదే తిథికి. మర్నాడు ఎనిమిదో పౌష్, 1921లో విశ్వభారతిని దేశానికి అంకితం చేసిన రోజు. అంటే మేళా పక్కనుండే సంబరం, యూనివర్సిటీ తన పుట్టినరోజు చేసుకోవడం అసలు విషయం. ఈ తేడా తెలియకపోతే మూడు రోజులు దుమ్ములో బజ్జీలు తిని తిరిగి వస్తారు.

ఏడో పౌష్ తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే సన్నాయి వినిపిస్తుంది. తర్వాత వైతాళిక్: విద్యార్థులు, అధ్యాపకులు తెల్ల బట్టల్లో పాడుకుంటూ ఆశ్రమ దారుల్లో నడుస్తారు. మైకు లేదు. ఎర్రమట్టి మీద అడుగుల చప్పుడు, ముందువరస ఎత్తుకున్న పాట వెనకవరసకు చేరేసరికి కలిగే చిన్న ఆలస్యం, అంతే. అక్కడి నుంచి ఛాతిమ్‌తలాకు. ఛాతిమ్ అంటే మన ఏడాకులపాల చెట్టు. దేవేంద్రనాథ్ ధ్యానం చేసుకున్న చోటది, "ఆయన నా ప్రాణానికి విశ్రాంతి, మనసుకు ఆనందం, ఆత్మకు శాంతి" అని ఫలకం మీద చెక్కి ఉంటుంది. ఉపాసనకు ఏడు గంటలకల్లా చేరుకుంటే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, తర్వాత వచ్చినవాళ్లు గుంపు వెనక నిలబడాలి. నేల మీదే కూర్చోవాలి, ఒక దుప్పటి, శాలువా తీసుకెళ్లండి. ఫోన్ బయటికి తీస్తే పక్కవాళ్లే వద్దంటారు. పాట అయ్యాక చప్పట్లు కొట్టకూడదు, అక్కడ "సాధు, సాధు" అంటారు. ముందురోజు రాత్రంతా లాడ్జి వాడిని తిట్టిన పెద్దమ్మ, ఆ గంటన్నరా నోరు మెదపలేదు. లేచేటప్పుడు మాత్రం మర్నాడు కూడా తీసుకురమ్మంది. దీనికి టికెట్ లేదు, పాసు లేదు. మొత్తం ప్రయాణంలో ఖర్చు లేనిది ఇదొక్కటే, వెళ్లినందుకు ఫలితం దక్కింది కూడా ఇక్కడే.

ఎనిమిదో పౌష్ పొద్దున మామిడితోపులో సభ, తొమ్మిదిన చనిపోయిన ఆశ్రమవాసుల స్మరణ ఉంటాయి, బెంగాలీ రాకపోతే అరగంట చాలు. డిసెంబరు 25 సాయంత్రం ఉపాసనా గృహంలో క్రీస్తు ఉత్సవం వదలొద్దు. 1910 నుంచీ ఉన్న ఆచారం, కొవ్వొత్తుల వెలుగు ఆ రంగుటద్దాల మీద పడుతుంది. లోపల చోటు చాలా తక్కువ, ఐదింటికే వెళ్లినా బయట మెట్ల దగ్గర కూర్చోవాల్సి రావచ్చు, అక్కడ కూడా పాట స్పష్టంగా వినిపిస్తుంది.

మేళా 1894లో మొదలైంది. ఇప్పుడది పూర్వపల్లి మైదానం నిండా దుకాణాలు, జెయింట్ వీల్, దుమ్ము. మాస్కు పెట్టుకోండి. బావుల్ గాయకుల, అంటే ఊరూరా తిరిగి తత్వాలు పాడే బెంగాలీల, వేదిక దగ్గర సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ ఉండదు, మధ్యాహ్నం మూడింటప్పుడు అదే గాయకులు వేదిక వెనక చెట్ల కింద ఏక్‌తారా (ఒంటితీగ వాద్యం) శ్రుతి చేసుకుంటూ పాడతారు, అది ఇంకా బాగుంటుంది.

కొనేవి మూడు, మూడింటిలోనూ మోసం ఉంది. కాంథా చీర తిరగేసి చూడండి. చేత్తో వేసిన రన్నింగ్ కుట్టు రెండువైపులా చుక్కలు చుక్కలుగా, కాస్త హెచ్చుతగ్గులతో ఉంటుంది. మెషీన్ కుట్టు అయితే వెనకవైపు రెండో దారం గీతలా కనిపిస్తుంది, దూరాలన్నీ ఒకేలా ఉంటాయి. చీర నిండా చేతిపని చేయాలంటే నెలలు పడుతుంది, కాబట్టి నిండు కాంథా పట్టుచీర ₹2,500కు ఇస్తానంటే అది చేతిపని కాదు. తోలు సంచులకు భౌగోళిక గుర్తింపు ఉంది, అసలైనవి బాతిక్ రంగులతో, అచ్చు నొక్కిన బొమ్మలతో, అంచుల వెంట తోలుపట్టీ అల్లికతో ఉంటాయి. మైదానంలో సగం రెగ్జిన్. అంచు దగ్గర కోసిన చోటు చూడండి, తోలైతే పీచుపీచుగా, రెగ్జిన్ అయితే గుడ్డ పొర కనిపిస్తుంది. రేటు మీద బేరమాడే ఓపిక లేనివాళ్లు శ్రీనికేతన్ దారిలోని ఆమార్ కుటీర్ అనే చేతివృత్తుల సంస్థలో కొనుక్కోవచ్చు, రేటు కట్టి ఉంటుంది, సరుకు నమ్మకం.

మూడోది నోలెన్ గుడ్, ఈతచెట్టు నుంచి చలికాలంలో తీసిన కొత్త బెల్లం. పాకంలా ఉండేది వద్దు. 26 గంటల రైల్లో అది పులిసి నురగ వస్తుంది, మూత తోసుకుని బట్టలన్నీ జిగురు చేస్తుంది. పాటాలీ అనే అచ్చు తీసుకోండి, మాకు కిలో ₹250 పడింది. గోరుతో నొక్కితే కాస్త దిగాలి, పొగ వాసన తగలాలి. రాయిలా గట్టిగా, తెల్లగా మెరుస్తుంటే పంచదార కలిపినట్టే.

భోజనం గురించి భయపడినంత లేదు. మేళా దుకాణాల్లో తినకుండా శ్యామ్‌బాటి వైపు చిన్న హోటల్లో నలుగురం తిన్న భోజనం ₹480 అయింది: అన్నం, సోంపు, అల్లం వేసిన మినప్పప్పు, గసగసాల ముద్దలో వండిన బంగాళదుంప, టమాటా తియ్యటి పచ్చడి. మినప్పప్పు చారులా పల్చగా పోసుకుని అన్నంలో తినడం మనకు అలవాటు లేదు, కానీ ఆ గసగసాల కూరతో కలిపితే బీర్‌భూమ్ జిల్లా వాళ్లు దాన్ని ఎందుకు వదలరో తెలుస్తుంది. మాలో ఒకరు ఆవనూనె వాసన పడక మొదటిరోజు పస్తున్నారు, ఈ భోజనంతో సర్దుకున్నారు. ఆవకాయ మాత్రం మీరే తెచ్చుకోవాలి.

బుధవారం విశ్వభారతికి వారపు సెలవు, ఆదివారం కాదు. బ్రహ్మసమాజ ఉపాసన రోజు కాబట్టి ఆ పద్ధతి. రవీంద్రభవన్ మ్యూజియం కూడా ఆరోజు మూసేస్తారు. బుధవారం మధ్యాహ్నం దిగి గురువారం పొద్దున వెళ్లిపోయేలా ప్రయాణం వేసుకుంటే బయటి గోడలు చూసి రావాలి. స్నాతకోత్సవం రోజుల్లోనూ వెళ్లకండి. ప్రధానమంత్రే ఈ యూనివర్సిటీ ఆచార్యులు, అంటే ఛాన్సలర్, ఆయన వస్తే 2018 మేలోలాగా ఊరంతా భద్రతే. పట్టాతో పాటు ఏడాకులపాల కొమ్మ ఇచ్చే ఆ వేడుకను మనం దగ్గర నుంచి చూడలేం.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది దోల్ పౌర్ణమి, అంటే హోళీ, గురించి. "శాంతినికేతన్ వసంతోత్సవం, మూడు రోజుల ప్యాకేజీ" అని ఇప్పటికీ అమ్ముతున్నారు. 2019 తర్వాత విశ్వభారతి వసంతోత్సవాన్ని తన విద్యార్థులు, సిబ్బంది కోసమే చేసుకుంటోంది. జనం ఎక్కువై ప్రాంగణం పాడవడం, తొక్కిసలాట భయం దానికి కారణాలు. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక ఆ జాగ్రత్త ఇంకా పెరిగింది, అది న్యాయమే. ప్యాకేజీ కొన్నవాళ్లకు దొరికేది సోనాఝురిలో రంగులు, డీజే పాటలు. దానికోసం బెంగాల్ దాకా వెళ్లక్కర్లేదు.

గుంపు వద్దు, కళ కావాలి అనుకునేవాళ్లకు డిసెంబరు 1, 2 తేదీల నందన్ మేళా మేలు. చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజుకు ముందు విశ్వభారతి కళల విభాగం కళాభవన్ విద్యార్థులు తాము చేసిన ప్రింట్లు, మట్టిపాత్రలు, క్యాలెండర్లు అమ్ముతారు, డబ్బు విద్యార్థుల సహాయనిధికి వెళ్తుంది. గదులు అప్పుడు మామూలు రేటే. మొదటిరోజు సాయంత్రానికే మంచివి అయిపోతాయి, చిల్లర తీసుకెళ్లండి. శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో కాంక్రీటు, కంకరతో చేసిన సంతాల్ కుటుంబం విగ్రహం అదే ప్రాంగణంలో ఉంది. మన కొండపల్లి శేషగిరిరావు చిత్రకళ అభ్యసించింది ఇక్కడే, నందలాల్ బోస్ దగ్గర. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి చదివిందీ ఈ చెట్ల కిందే. అయినా మనవాళ్లు చాలామంది కళాభవన్ వదిలేసి సోనాఝురి సంతకు టోటో మాట్లాడుకుంటారు, అది చూస్తే బాధేస్తుంది.

ఫిబ్రవరి 6 ప్రాంతంలో శ్రీనికేతన్‌లో మాఘ మేళా ఉంటుంది. 1922లో ఆ గ్రామ పునర్నిర్మాణ కేంద్రం మొదలైన రోజు అది. కూరగాయల ప్రదర్శన, నేత, రైతులు, పశువులు, పర్యాటకులు దాదాపు ఉండరు. మేం ఈసారి దానికే వెళ్తున్నాం. శ్యామ్‌బాటిలో గది, రోజుకు ₹1,400, పన్నుతో కలిపి, గీజరు ఉంది, అంతా వాట్సాప్‌లో రాయించుకున్నాం.