టీ-72 అజేయ డ్రైవర్ సీట్లోంచి: ఆ రివర్స్ గేర్ ఒక్కటి బాగుండుంటే

41 టన్నులు, 125 ఎంఎం గన్, ఇవి రిపబ్లిక్ డే పరేడ్ చూసేవాళ్లందరికీ తెలుసు, వాటి జోలికి పోను. ఆర్మీలో నా సర్వీస్‌లో ఎక్కువ భాగం టీ-72 ట్యాంకు డ్రైవర్‌గానే, అదీ రాజస్థాన్ ఇసకలో. బండంటే నాకు ఇప్పటికీ ప్రాణం, ఎయిర్ క్లీనర్ క్యాసెట్లు టైముకి కడిగి పెడితే ఆ ఇంజన్ ఎండనీ దుమ్మునీ లెక్కచేయదు. ఆటోలోడర్ అయితే మరీ ఇష్టం, గన్నర్ బటన్ నొక్కితే చాలు షెల్లూ, దాన్ని పేల్చే మందు ఛార్జీ వాటంతటవే గన్‌లోకి ఎక్కేస్తాయి, వాటిని చేత్తో ఎక్కించే లోడర్ అక్కర్లేదు, అందుకే బండి అంత పొట్టిగా ఉంటుంది.

నా కడుపుమంటంతా రివర్స్ గేర్ మీదే. ముందుకి ఏడు గేర్లు, వెనక్కి ఒక్కటే ఒక్కటి, గంటకి 4 కిలోమీటర్లు. జర్మన్ల లెపర్డ్-2 ట్యాంకు వెనక్కి 30 దాకా పోతుంది. యుద్ధంలో వెనక్కి పోవడం దేనికిరా అని మా బాబాయి అడిగేవాడు. ట్యాంకు ఎప్పుడూ బయట నిలబడి కొట్టదు, దిబ్బ వెనక బాడీ దాచుకుని గన్ ఉండే పైభాగం, అదే టరెట్, మాత్రం పైకి పెట్టి కొడుతుంది, కొట్టగానే ఆ మంటా దుమ్ముతో చోటు తెలిసిపోతుంది కాబట్టి వెంటనే కిందికి దిగి ఇంకో చోటికి మారాలి. ఈ బండి తన పొడవంత వెనక్కి రావడానికే ఆరు సెకన్లు దాటుతుంది. మన బీడీఎల్ (భారత్ డైనమిక్స్) వాళ్లు తయారుచేసే, ట్యాంకుల్ని కొట్టే కాంకర్స్ మిసైల్ సెకనుకి దాదాపు 200 మీటర్లు పోతుంది, ఇక లెక్క మీరే వేసుకోండి. పోనీ తిప్పుకుని పారిపోదామంటే పల్చటి వెనక భాగం, ఇంజన్ శత్రువుకి చూపించినట్టే.

ఒకసారి రాజస్థాన్‌లోని ఆర్మీ ఫైరింగ్ రేంజ్ మహాజన్‌లో రాత్రి ఎక్సర్‌సైజ్, హ్యాచ్‌లన్నీ మూసేసున్నాయి. నా పెరిస్కోపుల్లోంచి వెనక ఏమీ కనపడదు, కమాండర్ దఫేదార్ సాబ్ హెడ్‌సెట్‌లో బాయే, ఔర్ బాయే (ఎడమకి, ఇంకా ఎడమకి) అని చెప్తుంటే ఆయన మాట మీదే తిప్పాలి. రివర్స్‌లో ఒక పక్క లీవర్ పూర్తిగా లాగితే ఆ పక్క ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా, ఆగిపోయి బండి అక్కడికక్కడే తిరుగుతుంది. మెత్తటి ఇసక, ట్రాక్‌ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్‌లో గట్టిగా కూరుకుపోయింది, నా కాళ్ల కింద నేల అదిరినట్టు పెద్ద చప్పుడు, ఎడమ ట్రాక్ ఊడింది. దిబ్బ మీద టరెట్ బయటే ఉండిపోయింది, ఎక్సర్‌సైజ్‌లో గెలుపోటములు చూసే అంపైర్ వచ్చి మీరు ఖతం అని చెప్పి వెళ్లాడు.

తర్వాత ట్రాక్ ఎక్కించడం. టన్ను పైనే బరువుండే ఇనుము, ఇసక తవ్వి, పిన్ను సమ్మెటతో కొట్టి విడదీసి, వైర్ రోప్ కట్టి, గడ్డపారలతో లేపుతూ తెల్లారేదాకా పట్టింది. చేసేది ముగ్గురమే. పాత విజయంత ట్యాంకులో లోడర్‌తో కలిపి నలుగురుండేవాళ్లు అని సీనియర్లు ఎందుకంత గుర్తుచేసుకునేవాళ్లో అప్పుడు అర్థమైంది, ఎందుకంటే ఆటోలోడర్ రౌండ్లు ఎక్కిస్తుంది గానీ ట్రాక్ ఎక్కించదు, రాత్రి కాపలా కాయదు. పైగా దాంట్లో ఉండే 22 రౌండ్లు గన్నర్, కమాండర్ కాళ్ల కిందే గుండ్రంగా పేర్చి ఉంటాయి. వాటికి మంట తగిలితే ఏమవుతుందో 1991లో ఇరాక్‌లో చూశాం, 2022 నుంచి ఉక్రెయిన్‌లో చూస్తున్నాం, టరెట్లే ఎగిరిపోతున్నాయి, ఇప్పుడైతే చిన్న డ్రోన్ కూడా పల్చటి పైకప్పు మీదకే వస్తోంది. ఆ వీడియోలు వస్తే మా ఆవిడ టీవీ కట్టేస్తుంది.

2025 మార్చిలో మన టీ-72లకి 780 హెచ్‌పీ ఇంజన్ తీసి 1000 హెచ్‌పీది పెట్టడానికి రష్యాతో 24.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ అయింది. మంచిదే, దిబ్బలెక్కడానికి పనికొస్తుంది. కానీ గేర్‌బాక్స్ మార్చకపోతే వెనక్కొచ్చే డ్రైవర్‌కి ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం, ఆ డబ్బులో కొంత దాని మీద పెట్టమని ఎవరైనా గట్టిగా అడగాలి.

మళ్లీ ఎక్కమంటే ఎక్కుతా, ముందుకి పోయే పనికైతే కళ్లు మూసుకుని. నేను ఐదడుగుల నాలుగంగుళాలు, ఆ సీటు నాకు సరిపోయింది, పొడుగువాళ్లు మోకాళ్ల గురించి వేరే చెప్తారు. లద్దాఖ్ చలిలోనూ పంజాబ్ కాలవల దగ్గరా నేను నడపలేదు, అక్కడ చేసినవాళ్లు ఉంటే ఈ రివర్స్ గేర్ మీద మీ అనుభవం రాయండి.