168 టన్నుల లోడుతో కృష్ణపట్నం నుంచి ఎన్‌పీ కుంటకి: ఎక్కడ ఆగాం, ఎలా దాటాం

మా ట్రాన్స్‌ఫార్మర్ కృష్ణపట్నం రేవులో ఓడ దిగిన రోజు నుంచి శ్రీసత్యసాయి జిల్లా ఎన్‌పీ కుంట సబ్‌స్టేషన్‌లో పునాది మీద కూర్చునేదాకా నేను దాని వెంటే ఉన్నాను. పొద్దున్నే కారులో బయల్దేరితే చీకటి పడకముందే చేరిపోయే దారి. మాకు 19 రోజులు పట్టింది. నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి, భాకరాపేట, పీలేరు, మదనపల్లె, ములకలచెరువు, కదిరి. ఈ దారిన పెద్ద లోడుతో వెళ్లేవాళ్లు ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లెవరూ నాకు దొరకలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొలతలు దాటిన సరుకుని లారీ ఫీల్డులో ఓడీసీ (ఓవర్ డైమెన్షనల్ కార్గో) అంటారు. మామూలు సరుకు బండికి వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు హద్దు. పొడవుకీ హద్దుంది. బరువు 2018 జులైలో పెంచిన తర్వాత కూడా ట్రైలర్‌తో కలిపి 55 టన్నులే. మా ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె తీసేసి, పైన తీగలు కలిపే పింగాణీ కొమ్ముల్లాంటి బుషింగ్‌లు విప్పి వేరే లారీలో వేసినా ఇంకా 168 టన్నులుంది. దాన్ని 16 వరుసల చక్రాలున్న హైడ్రాలిక్ ట్రైలర్ మీద పెట్టారు. ట్రైలర్ సొంత బరువు 64 టన్నులు. మొత్తం 232 టన్నులు, 16 వరుసలకి పంచితే వరుసకి పద్నాలుగున్నర. ఈ పద్నాలుగున్నర గుర్తుపెట్టుకోండి, వంతెన దగ్గర మళ్లీ అవసరం.

లోడెక్కించాక ట్రైలర్ పక్కనున్న నాలుగు గేజీలు చూశాం. ఒక్కొక్కటీ తన మూల ఎంత బరువు మోస్తోందో చెబుతుంది. ఎడమ వెనక గేజీ ముల్లు మిగతా మూడింటికంటే పైకి పోయింది. లెక్క ప్రకారం వరుసకి పద్నాలుగున్నర అయినా, ఆ మూలలో టైర్లు అంతకంటే ఎక్కువే మోస్తున్నాయి. మా డ్రైవరు ఒంగోలు వైపు మనిషి, అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. "సార్, ఇట్టా కదిలితే మొదటి వంపులోనే చెబుద్ది" అన్నాడు. జాకీలు పెట్టి లేపి, ఆరంగుళాలు జరిపి మళ్లీ దించేసరికి సగం రోజు పోయింది. ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ సగం రోజే ఈ ప్రయాణంలో మేం చేసిన అన్నిటికంటే మంచి పని అని ఇప్పటికీ నా నమ్మకం. మామూలు లారీ అయితే కాటా వేయిస్తే తెలిసిపోతుంది. ఇంత పొడుగు ట్రైలర్‌కి దారిలో కాటాలు సరిపోవు, ఆ గేజీలే మనకి కాటా.

పోర్టు గేటు దాటి పది కిలోమీటర్లు వెళ్లగానే ఆపి గొలుసులన్నీ మళ్లీ బిగించారు. మొదటి కుదుపులకి గొలుసు సర్దుకుని వదులవుతుంది. అన్న ప్రతి గొలుసునీ చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగితే గొలుసు బిగించే మర, టర్న్‌బకిల్, ఇంకో రెండు చుట్లు తిప్పమంటాడు. ఎవరైనా ఓడీసీ బండి మాట్లాడుకునేటప్పుడు రేటుతోపాటు ఈ అలవాటున్న మనుషులున్నారా అని కూడా అడగండి.

హైవే మీద మాకు మొదట దొరికిన ట్రక్ లే బైలో, అంటే లారీలు ఆగడానికి రోడ్డు పక్కన కట్టిన చోట, కుళాయి ఉంది, నీళ్లు లేవు. దీపపు స్తంభాలున్నాయి, వెలగవు. పైగా మా బండి పొడవు ట్రైలర్‌ని లాగే పుల్లర్ ఇంజను బండితో కలిపి దాదాపు 40 మీటర్లు. లోపల చిన్న లారీలు నాలుగు ఆగి ఉంటే మా తోక రోడ్డు మీదే ఉంటుంది. ఎర్ర జెండాలు, రాత్రికి ఎర్ర దీపాలు, కోన్‌లు అన్నీ పెట్టాం. అయినా ఆ రాత్రి ఎవరికీ కన్ను మూతపడలేదు. గూడూరు దాటాక ఒక దాబా దొరికింది, వెనక రెండెకరాల గట్టి నేల. భోజనం 120 రూపాయలు, చేపల పులుసు నెల్లూరు రుచి, తిన్నవాళ్లకి నులక మంచాలు ఊరికే. స్నానానికి బోరు నీళ్లు. ఈ దారిలో ఆగదగ్గ చోటు అంటే నేను మొదట చెప్పేది అదే.

ఇక స్వర్ణముఖి మీది వంతెన. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల వంతెనల కోడ్ ఐఆర్‌సీ 6లో ఇలాంటి బండ్లకోసమే ఒక లెక్క ఉంది. మొత్తం 385 టన్నులు, అందులో 18 టన్నుల యాక్సిళ్లు, అంటే మా చక్రాల వరుసలాంటివి, 20. మా పద్నాలుగున్నర దాని లోపలే. కానీ ఆ లెక్క షరతుల మీద నిలబడింది. వేగం గంటకి 5 కిలోమీటర్లు మించకూడదు, బండి వంతెన నడిమధ్య గీతకి 300 మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగకూడదు, ఆ సమయంలో వంతెన మీద ఇంకో బండి ఉండకూడదు. ఎందుకంటే వేగం పెరిగితే కుదుపు పెరుగుతుంది, కుదుపు బరువుని పెంచుతుంది. పక్కకి జరిగితే భారమంతా ఒక వైపు దూలాల మీదే పడుతుంది. నడుమ బ్రేకు వేస్తే ఆ తోపుడు స్తంభాల దాకా పోతుంది.

తెల్లవారుజామున మూడున్నరకి పోలీసులు రెండు వైపులా ఆపారు. ఒక హెల్పరు రోడ్డు నడుమ సున్నంతో గీత గీసుకుంటూ ముందు నడిచాడు. అన్న కళ్లు ఆ గీత మీద, నా కళ్లు వెనక చక్రాల మీద. మనిషి నడకకంటే మెల్లగా కదిలాం. ఒక్కో జాయింట్ మీద ఎక్కినప్పుడు పాదాల కింద నేల సన్నగా వణికింది. సగం దాటామో లేదో ఒక కారు ఆపినవాళ్లని తోసుకుని మా పక్కకి వచ్చి హారన్ మీద హారన్. ఆయనకి తిరుపతిలో దర్శనం టైముందట. బ్రేకు వేయలేం, పక్కకి జరగలేం. పైలట్ బండిలో కుర్రాడు దిగి చేతులు జోడించి ఆపాడు. పెద్ద లోడు వంతెన మీద ఉన్నప్పుడు దయచేసి ఆగండి. పట్టేది పావుగంటే.

శ్రీకాళహస్తిలో నేను 900 రూపాయల లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రం, పొద్దున వేడినీళ్లు. కానీ డ్రైవరూ హెల్పర్లూ బండి వదిలి రాలేరు. నూనె తీసేసిన ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకులోకి చెమ్మ చేరకుండా నైట్రోజన్ నింపుతారు, దాని పీడనం పొద్దునా సాయంత్రం చూసి రాయాలి. కుదుపుల్ని నమోదు చేసే రికార్డరు ట్యాంకుకే బిగించి ఉంటుంది, దానికీ కాపలా కావాలి. రేణిగుంట, తిరుపతి చుట్టుపక్కల మాకు అనుమతి రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు వరకే. యాత్రికుల రద్దీలో అది సరైన నియమమే. అయితే ఎండలో రోడ్డు పక్కన ట్రైలర్ కింద పడుకున్న మనిషికి పగలు నిద్ర ఎక్కడ పడుతుంది? వరసగా మూడు రాత్రులు నడిపి, నాలుగో రాత్రి ఘాటెక్కించమంటారా? నేను ఒప్పుకోలేదు. రేణిగుంట దాటాక ఒక కల్యాణమండపం ఆవరణ రెండు రోజులకి అద్దెకి మాట్లాడాను. ఫ్యాన్లు, బాత్రూములు, గేటు. ఆ బిల్లు పాస్ చేయించుకోవడానికి నాకు నెల పట్టింది. ఐనా మళ్లీ అదే చేస్తాను.

భాకరాపేట ఘాటులో ముందొక పుల్లరు లాగితే, వెనక ఇంకోటి తోసింది. ఇద్దరు హెల్పర్లు చెక్క అడ్డులు పట్టుకుని చక్రాల పక్కనే నడిచారు, ఆగిన ప్రతిసారీ అడ్డు పడాల్సిందే. పైన టీకొట్టు పెద్దమ్మ మా పదకొండుమందికీ టీ పోసి, డబ్బులిస్తుంటే "కిందికి దిగేటప్పుడు ఇద్దురులే నాయనా" అంది.

మదనపల్లెలో టమాటా సీజను. మార్కెట్ యార్డుకి వచ్చే లారీలు, ఆటోలు తెల్లారేదాకా ఆగవు. అక్కడ ఒక బియ్యం మిల్లు యజమాని తన ఆవరణలో రెండు రాత్రులు ఊరికే ఆగనిచ్చాడు. రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టే మెస్ పక్కనే. ఇక్కడే ఇనుప చువ్వలు వెనక రెండు మీటర్లు బయటికి వేలాడుతున్న లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. చువ్వలు అలా బయటికి రావడాన్ని 2014లోనే పూర్తిగా నిషేధించారు. చట్టంలో 2019 సవరణ తర్వాత ఇలా బయటికి పొడుచుకొచ్చిన లోడుకి 20 వేలు జరిమానా, అధిక బరువుకి 20 వేలతోపాటు ఎక్కువైన ప్రతి టన్నుకీ 2 వేలు, కాటా వేయించకుండా పోతే 40 వేలు. కాగితాలన్నీ పట్టుకుని నెలల తరబడి తిరిగి అనుమతి తెచ్చుకున్న మాలాంటివాళ్లని ప్రతి చెక్‌పోస్టులోనూ గంటలు ఆపుతారు. ఆ చువ్వల లారీని ఆపినవాళ్లు లేరు.

ములకలచెరువు దాటాక ఊళ్ల మీద కరెంటు తీగలు బాగా కిందికి ఉన్నాయి. మా లోడు నేల నుంచి 5 మీటర్ల పైన. ట్రైలర్‌ని హైడ్రాలిక్‌తో కొంచెం దించొచ్చు, కానీ అన్నిచోట్లా అది చాలదు. ఒకచోట హెల్పరు కర్ర పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ పైకెక్కాడు, తీగ లేపడానికి. గట్టిగా అరిచి దించాను. ఈ పనిలో మనుషులు పోయేది ఎక్కువగా ఇక్కడే అని అన్న చెప్పాడు. అక్కడి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాల్లో లైన్‌మన్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఎల్‌సీ (లైన్ క్లియర్, లైను ఆపడానికి అనుమతి) తీసుకుని, లైను ఆపి, ఎర్తింగ్ వేసి, తీగ లేపి, మేం దాటాక మళ్లీ సరిచేసి వెళ్లాడు. టీ తప్ప ఏమీ తీసుకోలేదు. దారి మొత్తంలో నేను చూసిన అన్నిటికంటే మంచి సేవ అదే.

కదిరిలో బస్టాండు దగ్గర లాడ్జి మామూలుగా ఉంది, దోమలు ఎక్కువ. నరసింహస్వామి దర్శనం చేసుకుని, చివరి విరామం రోజున అందరం తిమ్మమ్మ మర్రిమానుకి వెళ్లాం. అది ఎన్‌పీ కుంట మండలంలోనే. బీహారు హెల్పర్లు ఆ ఊడల కింద సాయంత్రం దాకా నిద్రపోయారు. బయల్దేరిన దగ్గర నుంచి వాళ్లు అంత ఒళ్లు తెలియకుండా పడుకోవడం నేను చూడలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ పునాది మీద కూర్చున్నాక రికార్డరు తీసి చూశారు. పరిమితి దాటిన కుదుపు ఒక్కటీ లేదు. ఇలాంటిదే రెండోది వస్తోంది. రూట్ సర్వేలో వంతెనలు, మలుపులు, తీగల ఎత్తులు రాస్తారు. ఈసారి వాటితోపాటు ప్రతి ముప్పై కిలోమీటర్లకీ 40 మీటర్ల బండి రోడ్డు దిగి నిలబడే చోటు, నీళ్లు, నీడ ఉన్నాయో లేవో కూడా రాయమని సర్వే చేసేవాళ్లకి చెప్పాను. గూడూరు దాబా, మండపం, మిల్లు ముందే రాసిచ్చాను. తిరుపతి, పీలేరు మధ్య చోటు ఇంకా దొరకలేదు, మీకు తెలిస్తే చెప్పండి.