రోటరీ హ్యామర్ డ్రిల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఎస్‌డీఎస్ ప్లస్ రకం (గాళ్లున్న బిట్ కాడను లోపలికి తోస్తే చాలు, తాళం బిగించకుండానే పట్టుకునే రకం) రోటరీ హ్యామర్ డ్రిల్ ఒకటి కొన్నేళ్లుగా నా చేతిలో ఉంది. పక్కనున్న మీటకు మూడు స్థానాలు: తిరగడం మాత్రమే, తిరుగుతూ కొట్టడం, కొట్టడం మాత్రమే. కొనబోయేవాళ్లు మోటారు ఎన్ని వాట్లదని అడుగుతారు. నన్నడిగితే, పని కుదరడమూ చెయ్యి క్షేమంగా ఉండటమూ ఎక్కువగా ఆ మీట మీదే ఆధారపడి ఉన్నాయి.

కాంక్రీటులో దీనికి సాటి లేదు. మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒరుసుకుని దెబ్బ పుట్టిస్తాయి కాబట్టి బరువంతా వేసి నొక్కాలి. ఇందులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒత్తిడికి లోపలి ఇనుప దిమ్మ ముందుకు దూకి బిట్‌ను కొడుతుంది. బిట్ గోడను వదలకుండా ఆనించి పట్టుకుంటే చాలు. అంతకు మించి నొక్కితే పని వేగం పెరగదు, చేతులకు అదురు మాత్రం పెరుగుతుంది.

కాంక్రీటులో నేను నిజంగా భయపడేది ఇనుప చువ్వకు. సాఫీగా దిగుతున్న బిట్ ఉన్నట్టుండి ముందుకు కదలక, శబ్దం ఖంగుమని మారిందంటే చువ్వ తగిలినట్టే. అక్కడ బిట్ పట్టేస్తే మోటారు బలమంతా మిషనునే తిప్పడానికి మళ్లుతుంది. మణికట్టు మెలిపడేది అప్పుడే. లోపలి క్లచ్ జారి కొంత కాపాడుతుంది, కానీ అది జారేలోపే చెయ్యి తిరిగిపోవచ్చు. అందుకే పక్క పిడి బిగించకుండా, ముఖ్యంగా నిచ్చెన మీద ఒంటిచేత్తో దీన్ని వాడటాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. నొక్కిన స్విచ్‌ను అలాగే పట్టి ఉంచే ట్రిగర్ లాక్ కూడా ముట్టను. చువ్వ తగిలితే రంధ్రాన్ని పక్కకు జరపాలి. దూలంలోనో స్తంభంలోనో చువ్వను కోయడం కట్టడానికే ముప్పు. నాలుగు అంచుల కార్బైడ్ బిట్ చువ్వ దగ్గర తక్కువగా పట్టేస్తుంది, ధర ఎక్కువైనా అదే కొనమంటాను. ఏ గోడకైనా బిట్ పెట్టే ముందు స్విచ్చులకు, ప్లగ్ పాయింట్లకు నిలువుగా, అడ్డంగా ఉన్న వరుసలను, గోడలోని వైర్లను కనిపెట్టే డిటెక్టర్‌తో చూసుకోవాలి. వైర్లు ఎక్కువగా ఆ దారుల్లోనే ఉంటాయి.

గట్టి ఇటుకకు తక్కువ వేగంతో సుత్తి దెబ్బ, అంటే తిరుగుతూ కొట్టే స్థానం, సరిపోతుంది. బోలు ఇటుకకు అది పనికిరాదు. లోపలి పలచటి అడ్డుగోడలు పగిలి, పైకి చక్కటి రంధ్రం కనిపిస్తున్నా లోపల స్క్రూ కోసం దూర్చే ప్లగ్గుకు పట్టు మిగలదు. టైల్ మీద కూడా సుత్తి వద్దే వద్దు. టేపు అంటించి, టైల్ బిట్‌తో నెమ్మదిగా తిప్పుతూ మొదలుపెట్టాలి. గట్టి పోర్సెలిన్‌కు డైమండ్ బిట్ కావాలి. టైల్ దాటాక కొంచెం సన్నని గోడ బిట్‌కు మారి, అప్పుడు మాత్రమే సుత్తి వేయాలి. సన్నని బిట్ ఎందుకంటే, అది టైల్ అంచుకు తగలకూడదు.

చెక్క, లోహం దీని రాజ్యం కాదు. మామూలు బిట్లను పట్టుకునే అడాప్టర్ చక్ బిగిస్తే పని జరుగుతుంది గానీ బిట్ కొస కొద్దిగా ఊగుతుంది, కచ్చితమైన రంధ్రం రాదు. ఆ చక్‌తో సుత్తి వేస్తే చక్ పాడవుతుంది. ఈ పనులకు విడిగా చిన్న డ్రిల్ ఉండటం మేలు.

దుమ్ము గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. కాంక్రీటు, ఇటుక, టైల్ దుమ్ములో స్ఫటిక రూపంలోని సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే అది సిలికోసిస్ తెస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. గుడ్డ కట్టుకుంటే చాలదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు, కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ కావాలి. వీలుంటే రంధ్రం దగ్గరే వ్యాక్యూమ్ గొట్టం పెట్టించండి.

అదురు లెక్క కూడా చాలామంది పట్టించుకోరు. యూరప్ నిబంధనల ప్రకారం 8 గంటల పనిదినానికి చేతి అదురు తీవ్రత సగటున 2.5 మీ/సె² (అదురును కొలిచే ప్రమాణం) చేరితే యజమాని జాగ్రత్త చర్యలు మొదలుపెట్టాలి. కాంక్రీటులో 15 మీ/సె² అదిరే మిషనుతో ఆ హద్దు సుమారు 13 నిమిషాల్లోనే వచ్చేస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కితే పని ఆపాలి. కొత్తగా కొనేవాళ్లు అదురు తగ్గించే పిడి ఉన్నదే ఎంచుకోండి, బరువు కాస్త పెరిగినా సరే.

నిర్వహణ సులువు: బిట్ కాడకు కొద్దిగా గ్రీజు రాయాలి, చక్ ముందున్న రబ్బరు మూత చిరిగితే వెంటనే మార్చాలి. కాంక్రీటు పని తరచుగా ఉన్నవాళ్లకు ఈ మిషను నిస్సందేహంగా కొనదగ్గది. ఏడాదికోసారి ఇటుక గోడకు ఫొటో తగిలించేవాళ్లకు ఇంపాక్ట్ డ్రిల్ చాలు.