హీట్ గన్‌తో బంపర్ అతికించే కిట్ కొంటున్నారా? నాకు జరిగింది చదివాక కొనండి

కారు బంపర్ పగిలితే ఇంట్లోనే అతికించుకోవచ్చంటూ అమ్మే కిట్లు ఈమధ్య ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ పెట్టె, అందులో ఒక హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం), నాలుగు నాజిళ్లు, యాభై ప్లాస్టిక్ రాడ్లు. "అన్ని రకాల ప్లాస్టిక్‌లకూ పనిచేస్తుంది" అని పెట్టె మీద పెద్ద అక్షరాలు. నేను 1,899 రూపాయలు పెట్టి అది కొన్నాను. జానెడు పగులున్న బంపర్ పూర్తిగా పాడైంది, ఫాగ్ లాంప్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ వంకర తిరిగింది, సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ కరిగింది. డబ్బు ఇప్పటికీ వెనక్కి రాలేదు.

అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. అదే ఫొటోతో అదే పెట్టె నాలుగైదు పేర్ల మీద అమ్ముతున్నారు. ఒక పేరు చెప్తే మీరు ఇంకో పేరు మీద అదే సరుకు కొంటారు. కాబట్టి సరుకును ఎలా గుర్తుపట్టాలో చెప్తాను.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి తిప్పుతుంటే ముందు బంపర్ ఎడమ మూల పిల్లర్‌కి తగిలింది. ఫాగ్ లాంప్ కింద నుంచి పక్కకి చీలిక. షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో కొత్త బంపర్, పెయింట్, బిగింపు అన్నీ కలిపి తొమ్మిది వేల పైన ఎస్టిమేట్ ఇచ్చారు. ఇన్సూరెన్స్ ఉంది కానీ జీరో డెప్ (పార్టుల ధరలో తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు పార్టుల ధరలో 50 శాతం తరుగు కింద కోసేస్తారు. ఆపైన మనం కట్టాల్సిన వెయ్యి రూపాయలు, దాంతోపాటు మూడేళ్లుగా కూడబెట్టిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోవడం. ఈ లెక్క వేసుకున్నాక క్లెయిమ్ ఆలోచన మానేశాను. అప్పుడే ఈ కిట్ కంటపడింది. నాలుగున్నర స్టార్లు, వేలల్లో రివ్యూలు.

ఆ రివ్యూలు తర్వాత ఒక్కొక్కటీ చదివాను. బంపర్ అతికించామని రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. ఎక్కువమంది వైర్ల మీద ట్యూబ్ ముడిచామనీ, తలుపు మీద పాత పెయింట్ ఊడదీశామనీ, స్టిక్కర్లు తీశామనీ రాశారు. ఆ పనులకు ఆ గన్ సరిపోతుందేమో, దాన్ని నేను కాదనను. కానీ పెట్టె మీద బొమ్మ బంపర్‌ది. మనం స్టార్లు చూస్తాం, అవి ఏ పనికి ఇచ్చారో చూడం.

ఆదివారం పొద్దున సెల్లార్‌లో పని మొదలుపెట్టాను. వాచ్‌మన్ గది బయట ఉన్న చిన్న స్విచ్ బోర్డుకి పెట్టాను, ఎందుకంటే గన్‌కి వచ్చిన ప్లగ్ కూడా చిన్న పిన్నులదే. గన్ మీద 1800 వాట్లు అని ఉంది. 1800ని 230తో భాగిస్తే దాదాపు ఎనిమిది ఆంపియర్లు. ఆ పాయింట్ ఆరు ఆంపియర్లది. ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది. పావుగంటలో గన్ వైరు చేతికి వెచ్చగా తగిలింది. అరగంటకి బోర్డు దగ్గర కమురు వాసన వచ్చింది. ప్లగ్ పీకబోతే రాలేదు. మెయిన్ ఆపి లాగితే పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి, నల్లబడి, సాగి వచ్చింది. వాచ్‌మన్ పిల్లలు ఆడుకునే చోటు అది. ఇది తలచుకుంటే బంపర్ సంగతి చిన్నదనిపిస్తుంది. గీజర్, ఏసీ పెట్టే పెద్ద 16 ఆంపియర్ల పాయింట్ తప్ప దేనికీ ఇలాంటి గన్ తగిలించకండి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సులకి అసలు వద్దు.

ఇక బంపర్. కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టు గన్ మీదున్న వేడి డయల్ 250 డిగ్రీల దగ్గర పెట్టాను. ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత పగులు అంచులు తళతళమన్నాయి. అంతలోనే నాలుగు వేళ్ల దూరంలో పెయింట్ అప్పడం పొంగినట్టు పొంగింది. గన్ వెనక్కి తీసేలోపు ఆ బుడగలు పగిలి కింద బూడిద రంగు ప్రైమర్ కనిపించింది. అక్కడితో ఆపేయాల్సింది, ఆపలేదు. "పీపీ" (పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కి పొట్టి పేరు) అని రాసున్న ప్యాకెట్‌లోంచి నల్ల రాడ్ తీసి చీలిక మీద పెట్టి వేడి చేశాను. కరిగి చక్కగా సర్దుకుంది. ఫొటో తీసి మా బావమరిదికి పంపించాను కూడా. పది నిమిషాలు చల్లారనిచ్చి బొటనవేలితో నొక్కాను. టప్‌మని మొత్తం రాడ్ ఒక్క పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చింది. దాని అడుగు భాగం నున్నగా, అద్దంలా ఉంది. బంపర్‌కి అది ఎక్కడా అంటుకోనే లేదు.

వేడి చాలలేదనుకుని డయల్ పెంచాను. ఈసారి చీలిక రెండు పెదవులూ కిందికి జారి రూపాయి బిళ్లంత కన్నం పడింది. పక్కనున్న ఫాగ్ లాంప్ ఫ్రేమ్ మెలి తిరిగింది. సెల్లార్‌లో గాలి ఆడదు కాబట్టి ఆ పొగకి గొంతు మండి, సాయంత్రం దాకా తలనొప్పి. ముక్కుకి ఎన్95 మాస్క్ ఉంది, కానీ అది దుమ్మును ఆపుతుంది, ఆవిర్లను ఆపదు.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో బంపర్లకు ప్లాస్టిక్ వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏమీ అడగకుండా క్లిప్పులు ఊడదీసి బంపర్ తిరగేశాడు. లోపలి వైపు థిన్నర్ గుడ్డతో తుడిచి, చిన్న ఇంగ్లీష్ అక్షరాలున్న చోట వేలు పెట్టాడు. "ముందు ఇది చదవాలి బాబూ. గన్ ఆ తర్వాత పట్టుకోవాలి."

అక్కడున్నది పీపీ ప్లస్ ఈపీడీఎమ్, టీడీ 20. అంటే పాలీప్రొపిలీన్, దెబ్బకి పగలకుండా కలిపే రబ్బరు లాంటి పదార్థం, 20 శాతం టాల్క్ పొడి. మన దగ్గర తిరిగే కార్ల బంపర్లు చాలా వరకు ఈ జాతివే. గ్రిల్, అద్దాల వెనక డొప్పలు ఎక్కువగా ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్. హెడ్‌లైట్ ముందు అద్దంలా కనిపించేది పాలీకార్బొనేట్. పీపీ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏబీఎస్‌కి కచ్చితంగా కరిగే స్థానమంటూ లేదు, 105 దాటగానే మెత్తబడడం మొదలవుతుంది. పాలీకార్బొనేట్ మెత్తబడేది 147 దగ్గర. మూడూ మూడు రకాలు, పీపీ మిగతా రెండింటితోనూ కలవదు. పీపీ మీద పీపీయే అతుకుతుంది. పీపీకి మామూలు జిగురు కూడా సరిగా పట్టదు. పెయింటర్లు బంపర్‌కి ముందు ప్రత్యేకమైన ప్రైమర్ కొట్టేది అందుకే. ఇంత తేడా ఉన్నప్పుడు "అన్ని రకాల ప్లాస్టిక్‌లకూ" అన్న ఒక్క మాటే ఆ పెట్టె కొనొద్దని చెప్పడానికి చాలు.

"మరి ఆ రాడ్ మీద కూడా పీపీ అనే ఉంది కదా బాబాయ్" అన్నాను. ఆయన ఆ రాడ్ కొస కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని లైటర్ అంటించాడు. పసుపు మంట, పైకి దట్టమైన నల్ల పొగ, గాల్లో మసి నూలుపోగుల్లా తేలింది. తర్వాత షాపులో పడి ఉన్న పాత బంపర్ నుంచి పేలిక లాంటి ముక్క కోసి అదీ అంటించాడు. అడుగున నీలం, కొసన పసుపు. కొవ్వొత్తి వాసన, మైనంలా చుక్కలు కారాయి, పొగ చాలా తక్కువ. "ఇది పీపీ. నీ దగ్గరున్నది ఏబీఎస్" అన్నాడు. ప్యాకెట్ మీద ఒకటి రాసి లోపల ఇంకోటి పెట్టారు. రాడ్ అద్దంలా ఊడి రావడానికి కారణం నా చేతిపని కాదు.

కిట్‌తో వచ్చిన కాగితంలో ఇంకో తప్పు ఉంది. పార్టు ముక్కని నీళ్లలో వేయండి, తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అని రాశారు. మామూలు పీపీ తేలుతుంది, నిజమే. కానీ టాల్క్ ఎక్కువ కలిపిన బంపర్ ప్లాస్టిక్ మునిగిపోగలదు. అది నమ్మి చేస్తే పీపీ బంపర్‌ని ఏబీఎస్ అనుకుంటారు. వెనక అక్షరాలే నమ్మండి.

డయల్ సంగతి కూడా చూశాను. ఏసీ రిపేర్ చేసే ఒక మిత్రుడి దగ్గర ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ ఉన్న మల్టీమీటర్ ఉంది. డయల్ 250 మీద ఉంచి నాజిల్ ముందు ప్రోబ్ పెడితే అంకె 380 దాటింది. ఇంకో గన్ ఇలాగే ఉంటుందని నేను అనను, కానీ ఈ ధరలో డయల్ మీద అంకెని నమ్మి కారు మీద పెట్టకండి. తుపాకీలా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ మీటర్ దీనికి పనికిరాదు. అది ఉపరితలాన్ని కొలుస్తుంది, వేడి గాలిని కొలవదు.

ఆ పెద్దాయన అదే రోజు ఇంకో బంపర్ అతికించడం దగ్గరుండి చూశాను. పగులు ఆగే చివర చిన్న రంధ్రం పెట్టాడు, అది ఇంకా పాకకుండా. చీలిక పొడవునా గాడి తీశాడు. ఆయన గన్ మూతి పెన్సిల్ కంటే సన్నం, వేడి వేలెడంత జాగాకే తగులుతుంది. మన కిట్‌లోని నాజిల్ అరచేయంత జాగాని ఒకేసారి కాలుస్తుంది. రాడ్‌కి బదులు అదే రకం పాత బంపర్ నుంచి కోసిన పట్టీ వాడాడు. వెనక వైపు స్టీలు జాలీ వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దించాడు. నా పగులుకి ఎంతయ్యేదని అడిగితే "ముట్టుకోకుండా తెచ్చుంటే ఆరు వందలు" అన్నాడు. ఇప్పుడు బంపర్, ఫాగ్ లాంప్ ఫ్రేమ్, పెయింట్ అన్నీ కలిపి బయట మార్కెట్ రేట్లలోనే 7,800 అయింది. సెల్లార్ బోర్డు మార్పించిన ఖర్చు వేరే.

కిట్ ప్రకటనలో ఇంకో ఆకర్షణ ఉంటుంది. ఎండకి తెల్లబారిన నల్ల ప్లాస్టిక్ మీద గన్ తిప్పగానే కొత్తదానిలా నల్లగా మెరుస్తుంది. అది నిజంగానే జరుగుతుంది. మా బావమరిది రెండేళ్ల కిందట వాళ్ల కారు పక్క పట్టీల మీద చేశాడు, చూసి నేనూ ముచ్చటపడ్డాను. పై పొర కాస్త కరిగి కింది రంగు బయటికి రావడమే అందులో కిటుకు. ఎండ నుంచి కాపాడేది ఏదీ కొత్తగా చేరదు. ఒక్క వేసవి గడిచేసరికి మళ్లీ తెల్లబారింది. గన్ రెండు క్షణాలు ఎక్కువ ఆగిన చోట్ల ఆ గరుకు పోయి నున్నటి మచ్చలు మిగిలాయి. అవి పోవు. పాలిష్ పట్టించుకుంటే కనీసం పార్టుకి నష్టం ఉండదు.

కారులో కొన్ని చోట్లకి గన్ అసలు తీసుకెళ్లకండి. డాష్‌బోర్డు, స్టీరింగ్ మధ్య భాగం, ముందు అద్దం పక్క స్తంభాల తొడుగులు: వీటి వెనక ఎయిర్‌బ్యాగులు ఉండొచ్చు. అవి తెరుచుకునేటప్పుడు ఆ ప్లాస్టిక్ ఒక పద్ధతిలో చీలాలి. 2019 జులై నుంచి తయారైన కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి, కాబట్టి వెనక బంపర్ మీద వేడి పెట్టే ముందు సెన్సర్లు, వైర్లు తీయించాలి. పగులు లేకుండా సొట్ట మాత్రమే ఉంటే అసలు గన్ అక్కర్లేదు. మరిగిన నీళ్లు జాగ్రత్తగా పోసి లోపలి నుంచి తోస్తే చాలాసార్లు లేస్తుంది. నీళ్లు వంద డిగ్రీలు దాటవు కాబట్టి బంపర్ కరగదు.

రిటర్న్ విషయం. కిట్ వచ్చింది ఒక ఆదివారం, వాడింది తర్వాతి ఆదివారం, ఆటోనగర్ నుంచి వచ్చి రిటర్న్ పెట్టింది సోమవారం. ఏడు రోజుల గడువు దాటిందన్నారు, వాడిన వస్తువన్నారు. రాడ్ కాల్చిన వీడియో పంపితే 30 శాతం కూపన్ ఇస్తామన్నారు, వద్దన్నాను. పెట్టె తిప్పి చూస్తే దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది అన్నవేవీ లేవు. ప్యాక్ చేసి అమ్మే దిగుమతి సరుకు మీద ఇవి ఉండి తీరాలి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెప్తున్నాయి. అవన్నీ ప్రస్తావించి 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. పెట్టె ఫొటోలు, బిల్లు, వీడియో, కరిగిన ప్లగ్ అన్నీ దాచి ఉంచాను.

మీ ఇంట్లో ఇప్పటికే ఆ ఆరెంజ్ పెట్టె ఉంటే గన్ ఆన్ చేయకండి. ముందు పీపీ అని రాసిన ప్యాకెట్‌లోంచి ఒక రాడ్ కొస కత్తిరించి, ఆరుబయట, పక్కన నీళ్లు పెట్టుకుని లైటర్‌తో అంటించండి, ఎవరినైనా వీడియో తీయమనండి. నల్ల మసి లేచిందంటే మిగతావి కదిలించకుండా పెట్టెలో పెట్టి ఆ రోజే రిటర్న్ పెట్టండి.  నేను ఒక్కరోజు ఆలస్యమయ్యాను.